స్ప్రింగు పరుపు నుండి రబ్బరుపాల పరుపునకు

పడకను గూర్చి సహకార సంఘపత్రికలో వ్రాయుట యేల యని కొందఱు సభ్యులు తలంపవచ్చును. ఎరువు, విత్తనము, ఋణము, ధరవరలు, ఇవి కదా మన పత్రికకు విషయములు! కాని పగలెల్ల పొలమున వంగి పనిచేసినవానికి రాత్రి నడుము వాల్చుట మఱుసటి దినపు పనికి పెట్టుబడి వంటిది. ఎద్దు పండుకొను కొట్టములో నేల తడిగానున్నదో పొడిగానున్నదో చూచి గడ్డి పఱచు రైతు తన వెన్నెముక విషయమున అంత శ్రద్ధ వహింపకుండుట వింత. అంతియ గాక నేడు మంచి పరుపు కొనుట యనగా వేలకొలది రూపాయల వ్యవహారము. అంత సొమ్ము వెచ్చించునపుడు దాని లోపలి సరకేమో, అది యెచ్చటనుండి వచ్చెనో, ఎంతకాలము నిలుచునో తెలిసికొనుట అవసరము. స్ప్రింగు పరుపును తీసివేసి లేటెక్సు, అనగా రబ్బరుపాల, పరుపును కొనదలచిన సభ్యులు మమ్ము తఱచుగా అడుగుచున్నందున ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన ప్రాంతమున వచ్చిన మార్పు

శంషాబాదు పరిసర గ్రామములలో ఒక తరము క్రిందటి వఱకు పడక యనగా నులకమంచము, నవారుమంచము, వానిపై బొంత. కలిగినవారి యిండ్లలో దూదిపరుపు. ఆ పరుపు కొన్నియేండ్లకు గడ్డకట్టగా దూదేకులవానిని పిలిచి, వాకిట వింటినారి మ్రోగుచుండ దూదిని మఱల ఏకించి, క్రొత్తగుడ్డలో కూరి కుట్టించెడివారు. పరుపు పాతదయ్యెనని పాఱవేయు వాడుక లేదు. ప్రత్తియు బూరుగుదూదియు మన చేలలోనివే, మన చెట్లవే. చెడినను బాగుచేసికొను విద్య మన యూరిలోనే యుండెను.

2008వ సంవత్సరము మార్చి నెలలో విమానాశ్రయము బేగంపేటనుండి ఇచ్చటికి తరలివచ్చెను. సుమారు 5,500 ఎకరములలో వెలసిన ఈ విమానాశ్రయమును, దాని వెంట వచ్చిన బాహ్యవలయ రహదారియు, 2009లో తెఱువబడిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గమును ఈ ప్రాంతపు నడవడినే మార్చివైచినవి. మామిడిపల్లి, తొండుపల్లి, పాల్మాకుల, సాతంరాయి మొదలగు గ్రామముల చుట్టును పొలములు కొన్ని యిండ్లస్థలములైనవి. పెంకుటిండ్ల స్థానమున కాంక్రీటు మేడలు లేచినవి. మేడతో డబుల్‌కాటు వచ్చినది. డబుల్‌కాటుతో స్ప్రింగు పరుపు వచ్చినది. పెండ్లిసారెలో నులకమంచమునకు బదులు స్ప్రింగు పరుపు చేరినది. ఆ తొలినాళ్లలో కొన్న పరుపులు నేటికి పదియేండ్లు దాటి నడుమ గుంటలు పడినవి. దుకాణమునకు పోయినచో వర్తకుడు "స్ప్రింగు వలదు, లేటెక్సు తీసికొనుడు" అనుచున్నాడు. ఈ మాటలో నిజమెంత, వ్యాపారమెంత అని విడదీసి చూడవలసియున్నది.

స్ప్రింగు పరుపు ఏల క్రుంగును

స్ప్రింగు పరుపులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది బోనెల్ తెగ. ఇందు డమరుకము వలె నడుమ సన్నమై యిరువైపుల వెడల్పైన ఉక్కుచుట్టలను వరుసలుగ నిలిపి, సన్నని తీగలతో నొకదానినొకటి బిగింతురు. ఒక మూల బరువు పడిన తక్కిన చుట్టలును కదలును. కావుననే ఒకరు ప్రక్కకు ఒత్తిగిలిన రెండవవారికి మెలకువ వచ్చును. రెండవది సంచి తెగ. కెనడా దేశీయుడగు జేమ్స్ మార్షల్ అనునతడు 1900 ప్రాంతమున కల్పించిన పద్ధతి యిది. ఇందు ప్రతి ఉక్కుచుట్టయు వేఱువేఱు గుడ్డసంచిలో కుట్టబడి తన బరువును తానే మోయును. ఒకరి కదలిక రెండవవారికి అంతగా తెలియదు. దీనికి వెల యెక్కువ.

పరుపు క్రుంగినపుడు నేరమెల్ల ఉక్కుపై మోపుట న్యాయము గాదు. ఉక్కు పైన దూదియో, నారయో, పలుచని ఫోమో పొరలుగా నుండును. తఱచుగా ముందు చచ్చునది ఆ పొరయే. అది అణగిపోయిన పిమ్మట ఉక్కుచుట్టల మొనలు వీపునకు తగులును; నడుము వాలుచోట పల్లమేర్పడును. వర్షకాలమున చెమ్మ పట్టిన తీగలు త్రుప్పుపట్టి కిఱ్ఱుమనును. ఇట్టి పరుపును మన దూదిపరుపు వలె విప్పి, ఏకి, మఱల కుట్టుట సామాన్యునికి సాధ్యము గాదు. ఇదియే మనవారికి పెద్దనష్టము.

అయినను ఒక గుణము నొప్పుకొనవలెను. లోపల ఖాళీ యెక్కువ గనుక స్ప్రింగు పరుపులో గాలి బాగుగ నాడును. మన వేసవిలో నిది చిన్న మేలు గాదు.

రబ్బరుపాలు పరుపగు విధము

రబ్బరుచెట్టు జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను అరణ్యము. 1876లో హెన్రీ విక్హాం అను ఆంగ్లేయుడు బ్రెజిలునుండి సుమారు 70,000 గింజలను లండనులోని క్యూ తోటకు చేర్చెను. వానిలో మొలచినవి కొన్నివేలే. ఆ మొక్కలు సింహళమునకును, తూర్పు దీవులకును పంపబడినవి. మన దేశమున వర్తకమునకై తొలితోట 1902లో కేరళలోని పెరియారు నది యొడ్డున తట్టేక్కాడులో వేయబడినది. 1947 నాటి శాసనము ననుసరించి యేర్పడిన రబ్బరు బోర్డునకు కొట్టాయము ముఖ్యస్థానము. నేటికిని కేరళమే రబ్బరునకు పుట్టినిల్లు. దాని తరువాతిది త్రిపుర. మన తెలుగునాట మారేడుమిల్లి ప్రాంతపు మన్యములోను రబ్బరుతోటలు పెంపబడినవి.

ఈ పంట రైతునకు ఓర్పు నేర్పును. మొక్క నాటిన తరువాత ఏడేండ్ల వఱకు పాలు రావు. పిమ్మట ఇరువది యేండ్లకు పైగా పాలిచ్చును. తెల్లవాఱకమునుపే, చెట్టులో పాల యొత్తిడి మెండుగ నున్నవేళ, గీతకత్తితో బెరడును ఏటవాలుగ పలుచగ గీయవలెను. గీత లోతైన చెట్టునకు గాయము. లోతు చాలనిచో పాలు రావు. గీత క్రింద కట్టిన చిప్పలో కారిన పాలలో మూడవవంతు రబ్బరు. తక్కినది ముఖ్యముగ నీరు. పాలు విఱుగకుండుటకు అమ్మోనియా కలిపి, కవ్వము వంటి వేగయంత్రమున త్రిప్పి, నూటికి అఱువదిపాళ్లు రబ్బరుండునట్లు చిక్కబఱతురు.

పచ్చిరబ్బరు ఎండకు జిగురై, చలికి బిరుసగును. గంధకముతో కలిపి వేడిచేసినచో నిలుకడయు సాగుడును కలుగునని 1839లో అమెరికాదేశపు ఛార్లెస్ గుడ్‌యియర్ కనిపెట్టెను. చిక్కని పాలను సబ్బుతో చేర్చి, గ్రుడ్డుసొన గిలకొట్టినట్లు నురుగుచేసి, ఆ నురుగు చెదరకముందే గట్టిపఱచు విద్య 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ సంస్థలో ఇ. ఎ. మర్ఫీ చేత సాధింపబడినది. నురుగును అచ్చులో పోసి, ఆవిరితో ఉడికించి, నీటితో పలుమాఱు కడిగి ఆఱబెట్టుదురు. అచ్చులోని కడ్డీల వలన పరుపునిండ సన్నని రంధ్రములేర్పడును. ఆవిరి లోపలి దాక చేరుటకును, పిదప గాలి యాడుటకును అవే త్రోవలు. టాలలే పద్ధతి యను మఱియొకటి కలదు. అందు అచ్చులోని గాలిని తీసి, నురుగును గడ్డకట్టించి, పిమ్మట ఉడికింతురు. దాని సరకు కొంత మెత్తన, వెల హెచ్చు.

ఒక పరుపునకు ఎన్ని చెట్లు

లెక్క చూచినగాని రైతునకు విషయము మనసున పట్టదు. ఆఱడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఆఱంగుళముల మందము గల పరుపు 15 ఘనపుటడుగులు. రబ్బరుపాల ఫోము ఘనమీటరునకు సుమారు 65 మొదలు 95 కిలోల వఱకు తూగును. నడిమి లెక్కగా 80 కిలోలనుకొన్న ఈ పరుపు సుమారు 34 కిలోలగును. మన దేశమున గీతకు వచ్చిన తోటలలో హెక్టారునకు ఏటికి ఇంచుమించు 1,400 మొదలు 1,500 కిలోల రబ్బరు దిగుబడి. అనగా చెట్టొకటికి నాలుగు కిలోల ప్రాంతము. కావున ఎనిమిది చెట్లు ఏడాది పొడుగున ఇచ్చిన పాలపై మనము పండుకొనుచున్నామన్నమాట.

ఆ చెట్లలో అధికభాగము చిన్నకమతములవారివి. వారి ధరయు మన ప్రత్తి ధర వంటిదే. 2011లో కిలో 200 రూపాయలకు మించిన రబ్బరు 2016 ఆరంభమున 100 రూపాయలకు దిగువకు పడెను. గీతకూలియైన రాక చెట్లను గీయక విడిచినవారు కలరు. రబ్బరు ఉత్పత్తిదారుల సంఘములను పెట్టుకొని పాలను కలిసి సేకరించి, కలిసి అమ్ముకొనుటచే కొంత నిలదొక్కుకొనిరి. పరుపు వెలలో వారి పాలెంతో యోచించునపుడు, కల్తీ సరకు కొనుట మన జేబునకే గాక సాటి రైతునకును నష్టమని తెలియగలదు.

మా యింటి యనుభవము

మా యింట స్ప్రింగు పరుపు తొమ్మిదేండ్లు వాడబడినది. మొదటి నాలుగేండ్లు ఏ లోపమును కానరాలేదు. పిమ్మట మా తండ్రిగారు పండుకొను ప్రక్క పల్లము పడినది. నాగలి పట్టి, మోట తోలి, బస్తాలు మోసిన నడుమది. అర్ధరాత్రమున లేచి నేలపై చాప వేసికొని పండుకొనుట వారికి అలవాటయ్యెను. తెల్లవాఱిన తరువాత గోడ పట్టుకొనిగాని లేవలేకుండిరి. పరుపును తలక్రిందు చేయుదమన్న అది ఒకవైపు మాత్రమే పొర గలిగిన పరుపు.

క్రిందటేడు రబ్బరుపాల పరుపు తెచ్చితిమి. దానిని మేడ యెక్కించుటకు నలుగురు కావలసిరి. ఉక్కు చట్రము లేనందున అది గోనెలోని ధాన్యము వలె చేతులలో జాఱిపోవును. మొదటి వారము పచ్చిరబ్బరు వాసన వచ్చెను. కిటికీలు తెఱచియుంచగా క్రమముగా పోయెను. మొదట నాలుగైదు రాత్రులు మా తండ్రిగారికి అది నచ్చలేదు. "నీటిపై పండుకొన్నట్లున్నది" అనిరి. పదునైదు దినముల తరువాత చాప అటక యెక్కినది. నొప్పి పూర్తిగా పోయెనని చెప్పజాలము. డెబ్బది యేండ్ల నడుమునకు ఏ పరుపును యౌవనమియ్యదు. కాని రాత్రి నడుమ లేచుట మానిరి. ఉదయమున గోడ ఆసరా లేక లేచుచున్నారు. మా తల్లిగారు మాత్రము నేటికిని నులకమంచమును విడువలేదు. ఆమెకు అదియే సుఖము. ఆమె నిద్రకు లోటు లేదు.

వెన్నునొప్పియు గట్టిపడకయు

నడుము నొచ్చినవాడు బల్లపై పండుకొనవలెనను నమ్మకము మనలో మెండు. 2003లో లాన్సెట్టు అను వైద్యపత్రికలో స్పెయిను దేశపు వైద్యులు ప్రకటించిన పరిశోధన దీనికి విరుద్ధముగ నున్నది. దీర్ఘకాలపు నడుమునొప్పి గల 313 మందికి గట్టి పరుపులు కొందఱికిని, మధ్యరకపు గట్టిదనము గలవి కొందఱికిని ఇచ్చి 90 దినములు పరీక్షించిరి. మధ్యరకపు పరుపులవారికే పడకలోను, లేచునపుడును బాధ తగ్గుట యెక్కువగా కనబడెను. ఆ పరీక్ష గట్టిదనమునకు సంబంధించినదే గాని రబ్బరునకు సంబంధించినది గాదు. కావున "లేటెక్సు వెన్నునొప్పికి మందు" అను వర్తకుని మాటను నమ్మరాదు. భుజమును తుంటియును కొంచెము దిగి, నడుము క్రింద ఖాళీ లేక ఆనిక దొరకుటయే కావలసినది. ఇది మంచి సంచి స్ప్రింగులోను దొరకవచ్చును. కాలు తిమ్మిరి, బలహీనత గలవారు పరుపుల దుకాణమునకు గాక వైద్యునికడకు పోవలెను.

కొనునపుడు చూడవలసినవి

ఒకటి: లేటెక్సు అను పేరు గల పరుపులన్నియు లేటెక్సువి కావు. అడుగున పాలియూరెథేను ఫోమో, నొక్కిన ఫోముముక్కలో పెట్టి, పైన ఒక అంగుళపు లేటెక్సు పొర వేసి అమ్ముటయు కలదు. అది తక్కువ వెలకు అమ్మినచో దోషము గాదు. మొత్తము లేటెక్సని చెప్పి అమ్ముట దోషము. గలేబు జిప్పు తీయించి అంచు నాలుగువైపుల చూడుడు. జిప్పు తీయుట కొప్పుకొననివానికడ కొనకుడు.

రెండు: త్రాసు తెప్పించుడు. పైన చెప్పిన కొలతగల పరుపు 28 మొదలు 40 కిలోల నడుమ తూగవలెను. సాధారణపు ఫోము పరుపు అదే కొలతకు 12 మొదలు 17 కిలోలే తూగును. బరువు చాలనిచో అది మొత్తము లేటెక్సు గాదు. కాని బరువు సరిపోయినంతమాత్రమున నమ్మరాదు. సుద్ద వంటి పొడులు కలిపి బరువు పెంచవచ్చును. బొటనవ్రేలితో నొక్కి విడిచిన వెంటనే పైకి లేవవలెను. చేతితో రుద్దిన పొడి రాలరాదు.

మూడు: చెట్టుపాల రబ్బరా, పెట్రోలియమునుండి చేసిన కృత్రిమ రబ్బరా, రెండింటి మిశ్రమమా యని అడిగి, పాళ్లతో సహా రసీదులో వ్రాయించుడు. లేటెక్సు ఫోమునకు భారత ప్రమాణ సంస్థవారు ప్రమాణము నిర్ణయించియున్నారు. దానిని గూర్చియు అడుగుడు. నోటిమాట తగవునకు సాక్ష్యము కాజాలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయుటకు రసీదే ఆధారము. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయమును పొందవచ్చును.

నాలుగు: హామీపత్రమున ఎన్ని యంగుళముల పల్లము పడిన మార్చియిత్తురో చదువుడు. పదేండ్ల హామీ యని పెద్దక్షరములు వ్రాసి, లోపల షరతులు పెట్టుట కలదు.

ఇంటికి వచ్చిన పిమ్మట

ఇచ్చటనే మనవారు జాగ్రత్త వహింపవలసినది. సంక్రాంతికి ముందు పరుపులను మేడపై ఎండబెట్టుట మన యాచారము. దూదికి ఎండ ఔషధము, రబ్బరుపాలకు విషము. ఎండ తగిలిన రబ్బరు పసుపెక్కి, బిరుసై, రొట్టెముక్క వలె పొడియగును. గాలికై నీడలో మాత్రమే ఉంచవలెను. నూనెయు రబ్బరును ఉబ్బించి చెఱచును. తలనూనె, కీళ్లకు రాచుకొను తైలము వాడు ఇండ్లలో పరుపునకు దట్టమైన గలేబు తప్పనిసరి.

నులక, నవారు మంచములపై ఈ పరుపును వేయరాదు. మంచము వంగినట్లే పరుపును వంగును. రంధ్రములు లేని ప్లైవుడ్డుపైగాని, నేలపైగాని వేసినచో చెమ్మ నిలిచి బూజు పట్టవచ్చును. మూడంగుళములకు మించని యెడముతో చెక్కబద్దెలు కొట్టించిన మంచము మేలు. రబ్బరు సరిపడక ఒడలు దద్దురులెక్కువారు ఈ పరుపును కొనుటకు ముందు వైద్యుని అడుగవలెను. వేసవి విషయమున సత్యము చెప్పవలెనన్న, ఇది ఫోము పరుపుకంటె చల్లన, స్ప్రింగు పరుపుకంటె కొంచెము వెచ్చన.

పాత స్ప్రింగు పరుపును గట్టున పడవేసి నిప్పుపెట్టకుడు. ఫోము కాలిన పొగ ప్రాణాపాయకరము. తీగలు పశువుల డెక్కలలో గ్రుచ్చుకొనును. గుడ్డ కోసి ఉక్కును వేఱుచేసినచో పాతయినుమువాడు తూచి కొనును.

ఎవరు కొనవలెను, ఎవరు వలదు

లేటెక్సు పరుపు వెల స్ప్రింగు పరుపునకు సామాన్యముగా రెండింతలు. శుద్ధమైనదైనచో అంతకు మించియు నుండును. బాగుగ కాచుకొన్న స్ప్రింగు పరుపుకంటె ఎక్కువ యేండ్లు నిలుచును గావున ఏటి లెక్కలో భేదము తగ్గును. కాని ఆ సొమ్ము ఒక్కమాఱే చేతినుండి పోవును గదా! వాడుకలోనున్న పరుపు చదునుగనుండి నిద్ర బాగుగ పట్టుచున్నచో మార్చవలసిన పని లేదు. పంటఋణపు సొమ్ముతో పరుపు కొనుట ఎన్నటికిని తగదు. వడ్డీ లేని వాయిదాలనినను, ఆ వడ్డీ వెలలో కలిసియున్నదేమో నగదు ధర అడిగి పోల్చుకొనవలెను. అంత శక్తి లేనివారికి కొబ్బరినారపై రబ్బరుపాలు చల్లి నొక్కి చేసిన పరుపు కలదు. అది గట్టిది, చల్లనిది, వెలకు తక్కువది. చక్కగ ఏకించిన దూదిపరుపు నేటికిని హీనమైనది గాదు.

మా సూచన యొకటి. పరుపు కావలసిన సభ్యులు పదిమంది కలిసి, పేరులను కార్యదర్శికడ నమోదు చేయించి, ఒకేమాఱు బేరమాడిన యెడల వెలయు తగ్గును, సరకును త్రాసునకెక్కించి చూచుటకు వర్తకుడును వెనుదీయడు. ఎరువులబస్తాను తూచి తీసికొను మనము పరుపును తూచి తీసికొనుటకు సిగ్గుపడనేల? కేరళలోని గీతరి చీకటితో లేచి చెట్టునకు గాటుపెట్టి చేర్చిన పాలు అవి. మన సభ్యుడు ఎండలో వంగి సంపాదించిన సొమ్ము అది. ఈ రెంటి నడుమ కల్తీకి చోటియ్యకుండుటయే సహకారము.